కాయ పట్టని పేజీ

సుబేదారిలో శనివారం, మూడు గంటల క్లాసు.
ఫ్యాను రెక్క ఒకటి వంగింది,
ప్రతి చుట్టుకూ ఒక అభ్యంతరం చెప్తోంది.
నల్లబల్ల మీద ఒక్క మాటే రాశాను:
"చూశావా?"

నమిండ్ల షారోన్ లేచి చదివింది.
నకిలీ మిరప విత్తనాల కేసు,
మాలోతు కీర్యా తరఫున వాదన, పద్నాలుగు పేజీలు.
రాత్రి పదకొండుకు ఏఐని అడిగిందట,
పదకొండూ రెండుకు వచ్చేసిందట.
కామాలు కూడా కోర్టు మర్యాదతో నిలబడ్డాయి.
మూడో పేజీలో ఒక తీర్పు.
సంపుటి ఉంది, పుట ఉంది, ఇద్దరు జడ్జిల పేర్లున్నాయి,
మన కీర్యా కోసమే ఎవరో ముందే కూర్చుని రాసినట్టు
ఒక పేరా ఉంది.

"చూశావా?"
"వచ్చింది మేడం."
"వచ్చిందా అని కాదమ్మా నేనడిగింది."

లైబ్రరీ మెట్లెక్కాం, ఇరవై ముగ్గురం.
ఓదెలు తాళం తీశాడు.
ఆ సంపుటి ఉంది, వీపు ఊడి, చెదలు గీసిన గీతలతో.
ఆ పుటా ఉంది.
అక్కడ ఎవరిదో సేల్స్ టాక్స్ తగాదా
సగంలో మొదలై సగంలో ఆగింది.
మిరపకాయ లేదు. కీర్యా లేడు.

ఎవరో నవ్వారు.
నాకు కిందటి కార్తీకం గుర్తొచ్చింది.
హన్మకొండ కోర్టులో నేనే,
ఇరవై ఆరేళ్ల గౌను వేసుకొని,
జూనియర్ అందించిన కాగితాన్ని
ముందుగా ఒక్కసారైనా చూడకుండా గొంతెత్తి చదివితే
జడ్జిగారు కళ్లద్దాలు తీసి, మెల్లగా,
"కాపీ ఇవ్వండి మేడం" అన్నారు.
అంతే అన్నారు.
అదాలత్ చౌరస్తా దాటి ఇల్లు చేరేదాకా
ఆ మూడు మాటలూ స్కూటీ వెనక కూర్చునే వచ్చాయి.
ఇది చెప్పాలని రాలేదు క్లాసుకి.
చెప్పేశాను.

కీర్యాను మీరు చూడలేదు.
నర్సంపేట అవతల తండా, రెండెకరాల కౌలు.
నా బల్ల మీద ఖాళీ పాకెట్టు పరిచి
బొటనవేలితో సాపు చేసుకుంటూ అన్నాడు:
"నంబరుండె మేడం, ముద్రుండె,
ఎర్రటి కాయ బొమ్మ గూడ ఉండె.
మొలిచింది. నడుమెత్తు పెరిగింది. పువ్వు పూసింది.
కాయనే పట్టలే."

షారోన్, నీ మూడో పేజీ ఆ పాకెట్టే.
కంపెనీ వకీలు దాన్ని చింపి చూడడనుకున్నావా?
యంత్రం వకాల్తా వెయ్యలేదు.
కింద సంతకం నీది,
పోయేది కీర్యా పంట, రెండోసారి.

పారేయమనను.
మొన్న నేనే అడిగాను దాన్ని.
నలభై పేజీల జవాబులో తేదీలు వరుసకు పెట్టింది,
బిల్లులో లాట్ నంబరు వేరుగా ఉందని చూపింది.
బిల్లు తీసి కిటికీ దగ్గర పట్టుకొని చూశాను.
నిజమే. షాపాయన ఏడు ఒకటిలా రాశాడు.
అడిగే ముందు మాత్రం
కీర్యా పేరు తీశాను, ఆధార్ తీశాను,
షావుకారు దగ్గరి అప్పు ఊసే ఎత్తలేదు.
అది తలుపు దగ్గరేసుకొని
ఆయన నాకొక్కదానికే చెప్పిన సంగతి.

వెనక నుంచి తౌటం అఖిలేష్:
"మరి జడ్జిలు కూడా వాడితే, మేడం?"
ఇరవై మూడు మొహాలు నా వైపు తిరిగాయి.
లైబ్రరీలో ఫ్యాను కూడా లేదు సాయానికి.
"తెలియదు" అన్నాను.

రాత్రి ఎనిమిదిన్నరకు ఫోను.
ఓదెలు ఇంటికి పోకుండా కూర్చున్నాడట, పాపం.
"దొరికింది మేడం. విత్తనాల మీదనే.
మొత్తం చదివిన, రెండుసార్లు."
ఆగింది.
ఎనుమాముల దిక్కు పోయే లారీ ఒకటి
మా వీధిలో హారన్ కొట్టింది.
"కాని మనకు ఎదురున్నది."

"మంచిదే. కాపీ తీసుకొని రా.
ఫైలులో అడుగుకు తొయ్యకు,
పైననే పెట్టు."